జవాబు వచ్చేదాకా ఆగే యంత్రం

మనస్సు చెప్పిన మాట చేయి వినకపోవడం ఎంత బాధో మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చినవారికి తెలుసు. పారిస్ వైద్యుడు షార్కో 1868లో ఈ వ్యాధిని వివరించాడు. విద్యుత్తు తీగకు తొడుగు ఉన్నట్లే మన నరాలకు మైలిన్ అనే పొర కలదు. ఈ వ్యాధిలో శరీర రక్షణశక్తే దారితప్పి ఆ పొరను దెబ్బతీస్తుంది. మెదడు పంపిన కబురు ఆలస్యంగా చేరుతుంది. ఒక్కొక్కప్పుడు చేరనే చేరదు. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి పాపఫలమూ కాదు. అందరూ మంచాన పడరు. కాని చేయీ మాటా రెండూ చిక్కుపడినవారికి కంప్యూటరు సాయపడగలదా అని శాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారు.

జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడులోని సూక్ష్మ విద్యుత్తును నమోదు చేశాడు. 1988లో అమెరికాలో ఫార్వెల్, డాంచిన్ అనువారు దాని సాయంతోనే అక్షరాలు వ్రాయించే పద్ధతిని ప్రకటించారు. తెరపై ఆరు అడ్డవరుసలు, ఆరు నిలువు వరుసలు. మొత్తం 36 గళ్ళు. వరుసలు ఒకదాని తరువాత ఒకటి మెరుస్తాయి. తాను కోరిన అక్షరం మెరిసిన సుమారు 300 మిల్లీసెకన్లకు మెదడులో చిన్న అల లేస్తుంది. తలకు తొడిగిన టోపీ దానిని పట్టుకొంటుంది. మనస్సులోని రహస్యాలను మాత్రం అది చదవలేదు.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఈ వ్యాధి గలవారిలో ఆ అల ఆలస్యంగా రావచ్చు. కంటినరం దెబ్బతింటే మెరుపు సరిగా కనబడదు. అలసట త్వరగా వస్తుంది. వేడి తగిలితే బలహీనత హెచ్చుతుంది. కనుక యంత్రం ఒకే గడువు పెట్టుకోరాదు. ఆ మనిషి వేగాన్ని తానే నేర్చుకోవాలి. చూపు చాలనివారికి శబ్దమో స్పర్శో ఆధారం కావాలి. టోపీని ఇంటివారు సులువుగా తొడగగలగాలి. పొరపాటున పడిన అక్షరాన్ని చెరిపే వీలూ, "ఇక చాలు" అనే వీలూ ఉండాలి.

మాకు తోచిన మాట ఇంకొకటి. 36 గళ్ళలో ఇంగ్లీషు అక్షరాలు ఇముడుతాయి గాని మన గుణింతాలు ఇమడవు. ముందు హల్లు, తరువాత గుణింతపు గుర్తు ఎన్నుకొనేటట్లు అమర్చాలి. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో నేర్చిన మనవంటి కుటుంబాలలో ఏ లిపి కావాలో ఆ మనిషినే అడగాలి.

కాఫీ కావాలా, కిటికీ మూయాలా అని అడిగి, జవాబు రాకముందే మనమే నిర్ణయించడం ఇండ్లలో మామూలే. అది ప్రేమతోనే చేస్తాము. అయినా, తన జవాబు తాను చెప్పుకొనే హక్కు మంచాన ఉన్నవారికీ ఉన్నది. యంత్రం మన ఇంటికి ఎప్పుడు వచ్చినా రానీ. అడిగి, కొంచెం ఆగడం మాత్రం నేటినుండే మన చేతిలో ఉన్న పని.