‘స్వచ్ఛందం’ అనే మాట వెనుక

వర్ధమాన దేశాలలో చమురు కంపెనీలు పాటిస్తామనే పర్యావరణ ప్రమాణాలకు ‘స్వచ్ఛంద’ అన్న విశేషణం తగిలిస్తారు. స్వచ్ఛందమంటే తన ఇష్టం. నియమం రాసేదీ, పాటించేదీ, పాటించామని చాటేదీ కంపెనీయే. తప్పితే శిక్ష లేదు.

నైజీరియాను చూడండి. 1984 జనవరి 1 తర్వాత చమురుతో వెలువడే గ్యాసును మంత్రి అనుమతి లేకుండా తగలబెట్టరాదని 1979 చట్టం శాసించింది. అనుమతులతో, స్వల్ప జరిమానాలతో ఆ చట్టమే స్వచ్ఛందమైపోయింది, మంటలు ఆరలేదు. ఒగోనీ ప్రజల పక్షాన నిలిచిన రచయిత కెన్ సారో-వివాను సైనిక ప్రభుత్వం 1995 నవంబరు 10న మరో ఎనిమిది మందితో పాటు ఉరితీసింది.

2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోనీ నేలను పరీక్షించి నివేదిక ఇచ్చింది. ఒకచోట తాగే బావినీటిలో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి 900 రెట్లు మించి ఉంది. అంతకన్న గమనించవలసింది మరొకటి: షెల్ అనుబంధ సంస్థ తన సొంత పద్ధతులనే అమలు చేయలేదని ఆ నివేదిక తేల్చింది. అంటే కొరత ప్రమాణాలకు కాదు, నిలదీసే అధికారానికి. 2021లో హేగ్ అప్పీలు కోర్టు రైతులకు నష్టపరిహారం చెల్లించమని, ఒక పైపులైనుకు లీకు పసిగట్టే ఏర్పాటు చేయమని తీర్పిచ్చినప్పుడు గాని ఇష్టం బాధ్యతగా మారలేదు.

ఇంపైన విశేషణం ఎదురైనచోట కర్త ఎవరు, ఫలితం అనుభవించేదెవరు అని అడగడం రచయిత పని.