వైర్‌లెస్ ఇయర్‌బడ్ మైక్రోఫోన్
వైర్‌లెస్ ఇయర్‌బడ్ మైక్రోఫోన్ అనేది చెవిలో అమర్చుకొనే తీగరహిత శ్రవణ సాధనంలో మాటను గ్రహించే భాగము. ఇది నోటికి దూరంగా, చెవి వద్ద ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపయితే మాట స్థాయి సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. చుట్టుపక్కల రొద మాత్రం తగ్గదు. అందువలన రద్దీ ప్రదేశాలలో మాట రొదలో కలిసిపోతుంది.

దీనిని అధిగమించడానికి రెండు లేక అంతకంటే ఎక్కువ మైకులను వాడతారు. మైకుల మధ్య 2 సెంటీమీటర్ల ఎడముంటే, నోటి నుండి వచ్చే ధ్వని వాటిని చేరడంలో గరిష్ఠంగా సెకనులో సుమారు 17,000వ వంతు తేడా ఉంటుంది. ఈ తేడా ఆధారంగా నోటి దిశ నుండి వచ్చే ధ్వనిని నిలిపి, మిగిలినదానిని తగ్గించే పద్ధతిని బీమ్‌ఫార్మింగ్ అంటారు. కొన్నింటిలో ఎముకల కంపనాలను గ్రహించే సెన్సర్ కూడా ఉంటుంది.

రొదను మరీ ఎక్కువగా వడగడితే స, శ, ఫ వంటి బలహీన ధ్వనులు కూడా పోవచ్చును. కనుక రొదలో 112 వంటి అత్యవసర కాల్ చేయవలసివస్తే, ఫోనునే నోటికి దగ్గరగా పెట్టుకొని మాట్లాడటం మేలు.