రాయి పడకముందే...
ముంబయి మండిపోతున్నా భీవండి చెక్కుచెదరలేదు. కారణం లాఠీలు కాదు, పరిచయాలు

1992 డిసెంబర్ 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూలింది. ఆ రాత్రికే ముంబయి భగ్గుమంది. ఆ నెలలోనూ, మరుసటి జనవరిలోనూ చెలరేగిన అల్లర్లలో 900 మంది చనిపోయారని జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ లెక్కతేల్చింది. పొరుగునే ఉన్న భీవండికి మాత్రం ఆ మంటలు అంటుకోలేదు.

నిజానికి ముందు అంటుకోవలసింది భీవండే. హిందువులు, ముస్లింలు, తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు కలిసి బతికే ఈ మరమగ్గాల పట్టణానికి మత కల్లోలాలు కొత్త కాదు. 1970 మేలో శివాజీ జయంతి ఊరేగింపు రక్తపాతానికి దారితీసింది. విచారణ జరిపిన జస్టిస్ మదన్ కమిషన్ పోలీసుల పక్షపాతాన్ని తప్పుపట్టింది. 1984లో ఇక్కడ రేగిన చిచ్చు థానే, ముంబయిలకు పాకి 200 మందికి పైగా బలిగొంది.

గుంపుకు ఉన్నట్టుండి పిచ్చెత్తదు. మొదట ఒక జెండా గురించో, ఊరేగింపు దారి గురించో తగాదా వస్తుంది. పుకార్లు దానికి చిలవలు పలవలు చేరుస్తాయి. జనం పోగవుతారు. వారిలో ఎక్కువమంది చోద్యం చూడటానికి వచ్చినవారే. అంతలో ఒక రాయి పడుతుంది. విసిరినవాడు దొరకకపోతే పదిమందికి ధైర్యం వస్తుంది. తననెవరూ గుర్తుపట్టరన్న ధీమాయే అల్లరిమూకకు బలం. పోలీసులు ఆలస్యంగా వచ్చినా, ఒకవైపు కొమ్ముకాసినా రెండో పక్షం తన రక్షణకు తానే కత్తి పడుతుంది. అక్కడినుంచి అది ప్రతీకారాల పరంపర.

1988లో డిప్యూటీ పోలీస్ కమిషనర్‌గా వచ్చిన సురేశ్ ఖోపడే ఈ గొలుసును మొదట్లోనే తెంచాలనుకున్నారు. పట్టణమంతటా సుమారు 70 మొహల్లా కమిటీలు పెట్టారు. రెండు మతాలవారికీ సమాన స్థానం. పెద్ద మనుషులతోపాటు సామాన్యులనూ చేర్చుకున్నారు. కమిటీలను నడిపే బాధ్యత స్థానిక పోలీసులదే. కుళాయి దగ్గర గొడవ నుంచి పండుగ ఏర్పాట్ల దాకా అన్నీ అక్కడే చర్చకు వచ్చేవి.

ఫలితం రెండు విధాలుగా కనిపించింది. పుకారు పుట్టగానే అబద్ధమని చెప్పేందుకు ప్రతి వీధిలో ఇరువర్గాలూ నమ్మే మనుషులు తయారయ్యారు. కుర్రాళ్ల ముఖాలు, పేర్లు కానిస్టేబుల్‌కు తెలిసిపోయాయి. పేరు పెట్టి పిలవగల పోలీసు ఎదుట నిలబడితే రాయి ఎత్తడం కష్టం. 1992 డిసెంబర్‌లో పనికొచ్చింది ఈ నాలుగేళ్ల పరిచయమే. అల్లర్లు ముగిశాక ముంబయి కూడా మొహల్లా కమిటీల బాట పట్టింది.

అయితే ఇది ఒకసారి వేయించుకుంటే చాలు అనుకునే టీకా కాదు. 2006 జులైలో అదే భీవండిలో పోలీస్ స్టేషన్ కట్టే స్థలం విషయంలో వివాదం ముదిరింది. పోలీసు కాల్పుల్లో ఇద్దరు, గుంపు చేతిలో ఇద్దరు కానిస్టేబుళ్లు ప్రాణాలు కోల్పోయారు. అధికారులు బదిలీ అవుతారు, కమిటీలు కాగితాలకు పరిమితమవుతాయి, కొత్త కుర్రాళ్లు పెరుగుతారు. వారి పేర్లు మళ్లీ మొదటినుంచి తెలుసుకోవలసిందే. ఆ పనికి ప్రశాంతంగా ఉన్న రోజులే అదను.