ప్యాంక్రియాస్ క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ ప్లస్ రేడియేషన్: భూమి అమ్మేముందు ఇది చూడండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి ఈ మధ్య ఒకే రకం మెసేజ్‌లు వస్తున్నయి. "అన్నా, మా బాపుకు ప్యాంక్రియాస్ క్యాన్సర్. ఇమ్యునోథెరపీ, రేడియేషన్ కలిపి ఇస్తే తగ్గుతదంట. భూమి అమ్మి చేయించాల్నా?"

నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చేసి కోడ్ రాసుకున్నోణ్ణి. చదివి అర్థం చేసుకున్నది చెప్తా.

మన ఒంట్లో టీ-సెల్స్ అంటే యాంటీవైరస్ లాంటివి. వాటికి పీడీ-1 అనే బ్రేక్ ఉంటది. క్యాన్సర్ కణం దాన్నే నొక్కి తప్పించుకుంటుంది. ఇమ్యునోథెరపీ మందు ఆ బ్రేక్ వదిలిస్తుంది. ఇలాంటి బ్రేకుల మీద పరిశోధనకే 2018లో జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ వచ్చింది. కొన్ని లంగ్ క్యాన్సర్లలో బాగా పనిచేసిన ఈ మందు ప్యాంక్రియాస్ దగ్గర మాత్రం దాదాపు ఫెయిల్. ఎందుకంటే ఈ గడ్డ చుట్టూ నారలాంటి గట్టి కణజాలం పేరుకుంటుంది, లోపలికి టీ-సెల్స్ పోయేదే తక్కువ. బండే లేనప్పుడు బ్రేక్ తీసి ఏం లాభం?

రేడియేషన్ ఆలోచన ఇక్కడే వచ్చింది. కిరణాలకు కణాలు పగిలి లోపలి ముక్కలు బయటపడితే, టీ-సెల్స్ శత్రువును గుర్తుపట్టి వస్తాయని ఆశ.

డెన్మార్క్‌లో చెక్‌పాక్ అనే ట్రయల్ చేశారు, ఫలితాలు 2022లో వచ్చాయి. అప్పటికే కీమో అయిపోయి, జబ్బు పాకిన 84 మంది. అందరికీ ఒక్కసారి రేడియేషన్. నివోలుమాబ్ ఒక్కటే ఇచ్చిన 41 మందిలో ఒక్కరికి గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గింది. ఇపిలిముమాబ్ కూడా కలిపిన 43 మందిలో ఆరుగురికి. జీరో కాదు, కానీ రేడియేషన్ లేని గ్రూప్ పెట్టలేదు. అంటే ఆ ఆరుగురికి పనిచేసింది రేడియేషనా, రెండు మందుల జోడీనా తేలలేదు. నా లెక్కలో ఇది ఇంకా బీటా వెర్షన్. దీని మీద ఎకరం పెట్టొద్దు.

డాక్టర్‌ని రెండు అడగండి. ఎంఎస్ఐ టెస్ట్ చేశారా? ఈ క్యాన్సర్‌లో సుమారు 1 శాతం మందికే అది పాజిటివ్, కానీ వాళ్ళకు ఇమ్యునోథెరపీ నిజంగా పనిచేసే చాన్స్ ఉంది. రెండోది, ఆపరేషన్‌కు వీలుందా? పాకకముందు దొరికితే సర్జరీ, కీమోనే అసలు దారి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే సర్కారు క్యాన్సర్ ఆస్పత్రే, ముందు అక్కడ చూపించండి.

ఇంకోటి. పెద్దోళ్ళకు నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, బరువు తగ్గుతుంటే పసరు మందుతో నెలలు గడపకండి. ఆ వారమే కడుపు స్కాన్ చేయించండి, డాక్టర్ చెప్తే సీటీ కూడా.