వెలుపలి ఉపకారవేతనము – కళాశాల లెక్క

అమెరికాలో స్థిరపడిన మా అన్నగారి కుమార్తె అక్కడ ఒక ప్రైవేటు కళాశాలలో చేరినది. చేరుటకు ముందే ఒక ధర్మసంస్థవారి వ్యాసరచన పోటీలో నెగ్గి, 5,000 డాలర్ల ఉపకారవేతనము సంపాదించుకొన్నది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. నెల తిరుగకముందే కళాశాలనుండి జాబు వచ్చినది. వెలుపలినుండి 5,000 డాలర్లు లభించినందున, తాము ఇవ్వదలచిన గ్రాంటులో అంత మొత్తమునూ తగ్గిస్తున్నామని దాని సారాంశము. ఆనాటి సాయంకాలము ఆ అమ్మాయి టెలిఫోనులో, "బాబాయ్, ఆ బహుమతి నాకు వచ్చిందా, కాలేజీకి వచ్చిందా?" అని అడిగినది. అప్పుడు నా వద్ద సమాధానము లేదు. తరువాత తెలిసికొన్న సంగతులను ఇప్పుడు మనవి చేస్తాను. అమెరికాలో పెరుగుతున్న మనుమలూ మనుమరాండ్రూ గల కుటుంబాలు మన శ్రోతలలో కొన్ని ఉండకపోవు.

మొదట ఆ దేశపు పద్ధతి తెలియవలెను. ఒక విద్యార్థికి సంవత్సరమునకు కాగల మొత్తము వ్యయమును కళాశాల లెక్కగడుతుంది. ఫీజులు, బస, భోజనము, పుస్తకాలు, రాకపోకలు, చిల్లర ఖర్చులు అన్నీ ఇందులో చేరుతవి. తరువాత, కుటుంబపు ఆదాయమును, ఆస్తిని బట్టి 'విద్యార్థి సహాయ సూచిక' అనే అంకె ఒకటి ఏర్పడుతుంది. ఇది 2024–25 విద్యాసంవత్సరమునుండి అమలులోనికి వచ్చిన పేరు. అంతకు పూర్వము దీని స్థానములో 'కుటుంబమునుండి ఆశించే వాటా' అనే లెక్క ఉండేది. మొత్తము వ్యయమునుండి ఈ అంకెను తీసివేయగా మిగిలినదే విద్యార్థి 'అవసరము'.

ఆ అవసరమును తీర్చుటకు కళాశాల మూడు రకాల సహాయమును ఒక మూటగా కట్టి ఇస్తుంది. తిరిగి చెల్లించనక్కరలేని గ్రాంటు మొదటిది. చదువుకొనే కాలములో వడ్డీభారము పడని ప్రభుత్వపు అప్పు రెండవది. చదువుకొంటూనే చేసే చిన్న ఉద్యోగము మూడవది. ఫెడరల్ ప్రభుత్వపు సహాయము ఆ దేశపు పౌరులకు, శాశ్వత నివాసార్హత గలవారికి, మరికొన్ని తరగతులవారికి మాత్రమే. ఇక్కడినుండి విద్యార్థి వీసాపై వెళ్లినవారికి అది లభించదు. కళాశాల తన నిధులనుండి ఇచ్చినది మాత్రము లభించవచ్చును.

ఇక చిక్కు ఎక్కడ ఉన్నది? అవసరమును బట్టి ఇచ్చే ప్రభుత్వ సహాయమూ, ఇతర సహాయమూ కలిసి ఆ అవసరమును మించరాదని నిబంధన. ధర్మసంస్థలు, సంఘాలు ఇచ్చే ఉపకారవేతనము ఈ 'ఇతర సహాయము' క్రిందనే జమ అవుతుంది. మించినప్పుడు కళాశాల ఏదో ఒకటి తగ్గించక తప్పదు. అయితే దేనిని ముందు తగ్గించవలెననేది చాలవరకు కళాశాల విధానముపై ఆధారపడి ఉంటుంది. మొత్తము లాభనష్టాలు ఇక్కడనే ఉన్నవి.

ఉదాహరణకు ఒక విద్యార్థి వ్యయము 40,000 డాలర్లు, సూచిక 10,000 అనుకొందాము. అవసరము 30,000. కళాశాల 24,000 గ్రాంటు, 3,500 అప్పు, 2,500 ఉద్యోగమూ చూపి పూర్తిగా తీర్చినది. వెలుపలినుండి మరి 5,000 వచ్చినది. మొదట అప్పును, పిదప ఉద్యోగమును తగ్గించే కళాశాలలో, అప్పు పూర్తిగా పోయి, 1,000 డాలర్ల ఉద్యోగము మాత్రము మిగులుతుంది, గ్రాంటు చెక్కుచెదరదు. మొదట గ్రాంటునే తగ్గించే కళాశాలలో గ్రాంటు 19,000 అవుతుంది. అప్పూ, ఉద్యోగమూ యథాతథముగా నిలుస్తవి. విద్యార్థి చేతికి దక్కినది శూన్యము. అసలు కళాశాల 26,000 మాత్రమే ఇచ్చి 4,000 లోటు ఉంచినచో, వెలుపలి సొమ్ము ముందు ఆ లోటును పూడ్చవచ్చును.

పేద విద్యార్థులకు ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు సంగతి వేరు. 2025–26లో దీని గరిష్ఠ పరిమితి 7,395 డాలర్లు. సాధారణముగా వెలుపలి వేతనము వచ్చినదని దీనిని తగ్గించరు. అయితే, ఫెడరల్ ప్రభుత్వేతర గ్రాంటులే మొత్తము వ్యయమునకు సరిపోయినప్పుడు పెల్ గ్రాంటు ఉండదని 2025లో చట్టము చేసినారు. దాని అమలునకు 2026 జూలై 1 తేదీగా నిర్ణయించినారు.

విద్యార్థి శ్రమకు ఫలితము దక్కకపోవుట అన్యాయమని కొన్ని రాష్ట్రాలు గుర్తించినవి. 2017లో మేరీలాండ్ రాష్ట్రము ప్రభుత్వ కళాశాలలు ఈ విధముగా గ్రాంటు తగ్గించుటపై ఆంక్షలు పెట్టినది. తరువాత కాలిఫోర్నియా మొదలైనవి ఆ దారి పట్టినవి. కళాశాలల వాదము కూడా వినదగినదే: మిగిలిన సొమ్ము మరొక పేద విద్యార్థికి ఉపయోగపడుతుందని వారంటారు.

కనుక తల్లిదండ్రులు, విద్యార్థులు చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. ఉపకారవేతనము వచ్చిన సంగతి దాచరాదు. తరువాత బయటపడినచో సొమ్ము తిరిగి కట్టవలసి రావచ్చును. కళాశాలను ఎంచుకొనుటకు ముందే, "వెలుపలి సొమ్ము వస్తే మీరు దేనిని ముందు తగ్గిస్తారు?" అని వ్రాతమూలముగా అడుగవలెను. కంప్యూటరు కొనుగోలు వంటి న్యాయమైన ఖర్చులను వ్యయపు లెక్కలో చేర్చుమని కోరవచ్చును. బస, భోజనములకు వాడిన ఉపకారవేతనము ఆదాయపు పన్నుకు లోబడుతుందని కూడా గుర్తుంచుకొనవలెను.

మా అమ్మాయి కోరికపై కళాశాలవారు కంప్యూటరు ఖర్చు 1,500 డాలర్లు లెక్కలో చేర్చినారు. గ్రాంటులో కోత 3,500కు తగ్గినది. తక్కినది తిరిగి రాలేదు. ఆమెకు సీటు ఇచ్చిన మరొక కళాశాలలో ముందు అప్పునే తగ్గించే పద్ధతి ఉన్నదని చేరిన తరువాత తెలిసినది. ఇప్పుడు ఆమె తమ్ముడు కళాశాలలకు దరఖాస్తులు పెడుతున్నాడు. వ్యాసము వ్రాయుటకు ముందే వాడు ప్రతి కళాశాలకూ ఆ ఒక్క ప్రశ్న వ్రాసి పంపినాడు.