ఒక గది, ఇరవై ట్రంకుపెట్టెలు



ఆదిలాబాదు, నిజామాబాదు, కరీంనగర్ వైపు పల్లెల్లో "బొంబాయి పోయిండు" అన్న మాట వినని ఇల్లు తక్కువ. పోయినవాడికి ఏం పని దొరికింది, నెలకెంత పంపుతున్నాడు అని అడుగుతాం. ఎక్కడ పడుకుంటున్నాడు అని అడగం. ఇవాళ ఆ రెండో ప్రశ్న గురించి ముచ్చటించుకుందాం. ఒక ఊరివాళ్ళో, ఒక సంఘంవాళ్ళో కలిసి ఒకే కప్పు కింద ఉంటారు. మనుషులు పెరుగుతారు. అప్పుడు కప్పు ఎట్లా పెరుగుతుంది? ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి అది ఎందుకంత కష్టమైంది?

ముంబయిలో బైకల్లా, ముంబయి సెంట్రల్ స్టేషన్లకు నడుమ నాగ్‌పాడా. దాన్ని ఆనుకొని కామాటిపురా. కామాటి అంటే కట్టడాల మీద కూలిపని చేసేవాడు. పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచి నిజాం ఏలుబడిలోని తెలుగు జిల్లాల కామాటీలు అక్కడ దిగారు, అందుకే ఆ పేరు. సముద్రపు పోటు రాకుండా కట్ట వేసి, పల్లం పూడ్చి, ఆ నేల మీద నగరం లేపిన చేతుల్లో వీళ్ళ చేతులు చాలా ఉన్నాయి. పేటలో వీధులకు పేర్లకన్నా నంబర్లే ఎక్కువ వాడుక: ఒకటో గల్లీ, రెండో గల్లీ, అట్లా పద్నాలుగు దాకా, ఆ పైన కూడా. ఆ పేట పేరు చెప్పగానే బయటివాళ్ళకు ఒక్క వ్యాపారమే గుర్తుకొస్తుంది. నాలుగు తరాలుగా అక్కడ కాపురం చేస్తున్న తెలుగు కుటుంబాలకు ఇది అన్యాయమే. ఉద్యోగం దరఖాస్తులో చిరునామా రాసే ఆడపిల్లకు మరీను.

ఇక చాల్ అంటే ఏమిటో తెలియనివారికి రెండు మాటలు. పొడుగాటి వసారా, దాని వెంట వరుసగా గదులు. గది పదడుగులకు పది, పన్నెండడుగులు. మూలన నీళ్ళు వాడుకునే చిన్న మోరీ. పాయఖానాలు వసారా చివర, అందరికీ కలిపి. ఇటువంటి గదిని ఒక కుటుంబం తీసుకుంటే కాపురం. ఒక ఊరి మగవాళ్ళు కలిసి తీసుకుంటే దాన్ని మరాఠీలో గావ్‌కరీ ఖోలీ అనేవారు. ఊరుమ్మడి గది అన్నమాట. కొంకణం నుంచి వచ్చిన మిల్లు కార్మికులు ఈ పద్ధతిని బాగా నడిపారు. గదికి ఇరవైమంది ఉన్నా అందరూ ఒకేసారి పడుకోరు. రాత్రి పాళీవాడు వచ్చేసరికి పగటి పాళీవాడు లేచి వెళ్తాడు. చాప ఒకటే, మనుషులు ఇద్దరు. మనిషికి సొంతమనేది గోడవార పెట్టుకున్న ట్రంకుపెట్టె ఒక్కటే. గోవా క్రైస్తవులు ధోబీ తలావ్, మజ్‌గావ్ ప్రాంతాల్లో ఇదే పనిని ఇంకొంచెం కట్టుదిట్టంగా చేశారు. ఊరికొక క్లబ్బు, దాన్ని వాళ్ళు కూడ్ అంటారు. సభ్యత్వం, చందా, సాయంత్రం జపమాల ప్రార్థన, నియమాలు. ఓడ మీద పనికి పోయినవాడు తిరిగొచ్చేదాకా అతని పెట్టె అక్కడే ఉండేది.

సరిగ్గా ఇటువంటి సంఘమే సముద్రానికి అవతల చదువుకునే ఆడపిల్లలకు ఉందంటే ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో సొరారిటీ అని గ్రీకు అక్షరాల పేర్లతో విద్యార్థినుల సంఘాలున్నాయి. 1870లో మొదలైన కప్పా ఆల్ఫా థీటా తొలివాటిలో ఒకటి. సభ్యులందరూ ఒకరినొకరు అక్కచెల్లెళ్ళుగా చెప్పుకుంటారు. దక్షిణాసియా పిల్లలు తమకంటూ 1998లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా పెట్టుకున్నారు. పాత సంఘాలు చాలావాటికి పెద్ద పెద్ద ఇళ్ళున్నాయి. ఏటా కొత్త సభ్యులు చేరి, ఇల్లు చాలకపోతే ఏం చేస్తారన్నది మనకు పనికొచ్చే సంగతి. సాధారణంగా ఇంటి యాజమాన్యం, చదువు ముగించుకొని వెళ్ళిన పాత సభ్యులు నడిపే ఒక ప్రత్యేక సంస్థ పేరున ఉంటుంది. ఆ సంస్థ విరాళాలు పోగుచేస్తుంది, అప్పు తెస్తుంది, కొత్త భాగం కట్టిస్తుంది. గదుల అద్దెలతో, సభ్యుల రుసుములతో ఆ అప్పు తీరుతుంది. ఇంట్లో ఉండనివాళ్ళు కూడా ఎంతో కొంత చెల్లించాలి. పడకలు అందరికీ చాలవు కాబట్టి ఎవరు లోపల ఉండాలో ఏటా తేల్చుకుంటారు. మిగతావాళ్ళు బయట అద్దెకుండి, భోజనానికి, సమావేశాలకు వస్తారు. అందుకే ఇల్లు పెంచేటప్పుడు పడకలతోపాటు భోజనాల గదిని కూడా చూసుకోవాలి.

మన ఊరుమ్మడి గది అట్లా పెరగలేదు. మనుషులెక్కువైతే ఇంకొక గది వెతుక్కున్నారే తప్ప, ఉన్నదానికి ఒక అరుగు కూడా కలపలేదు. దానికి కారణముంది. 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టం పాత అద్దెలను కదలకుండా కట్టిపడేసింది. పేదవాడికి అది ప్రాణదానమే. కానీ వచ్చే అద్దె సున్నానికి కూడా చాలని యజమాని మరమ్మతు మానేశాడు. గది చేతులు మారితే మాత్రం పగ్డీ పేరుతో పెద్ద మొత్తం నడిచేది. 1999 నాటి కొత్త చట్టం ఆ పగ్డీని ఒప్పుకుంది. ఇంత గొలుసులో గది పెంచుదామన్న ఆలోచన ఎవరికొస్తుంది?

ఆడవాళ్ళ సంగతి. మిల్లుల్లో దారం చుట్టే శాఖల్లో ఆడవాళ్ళు పనిచేశారు. ఊరుమ్మడి గది మాత్రం వాళ్ళకు లేదు. భర్తతోనో అన్నతోనో ఉండాలి, లేదా బంధువుల గదిలో మూల సర్దుకోవాలి. నా దృష్టిలో ఇది డబ్బు లేక జరిగింది కాదు. ఇరవైమంది మగవాళ్ళు ఒక గదిలో ఉంటే ఊరు అన్నారు. పదిమంది ఆడవాళ్ళు ఉంటే ఏమంటారో కామాటిపురా పక్కన వేరే చెప్పనక్కర్లేదు.

ఆడవాళ్ళకు సంఘం మొదట వంటింట్లోంచి వచ్చింది. ఊరుమ్మడి గదుల మగవాళ్ళకు నెలకింత అని పుచ్చుకొని వండిపెట్టే ఆడవాళ్ళను ఖానావళీవాళ్ళు అనేవారు. సరుకు అప్పు, వడ్డీ ఎక్కువ, తిన్నవాడు డబ్బివ్వకుండా ఊరికి పోతే నష్టం. 1975లో ప్రేమా పురవ్ కొద్దిమంది ఖానావళీ స్త్రీలను కూడగట్టి అన్నపూర్ణా మహిళా మండల్ పెట్టారు. బ్యాంకు అప్పులు ఇప్పించారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెలో దాదాపు రెండున్నర లక్షలమంది కార్మికులు పని వదిలినప్పుడు, వాళ్ళకు వండే ఈ స్త్రీల పొయ్యిలకూ దెబ్బ తగిలింది. అయినా మండలి పెరిగింది. నవీ ముంబయిలోని వాశీలో ఉద్యోగినులకు వసతిగృహం కూడా నడిపింది. భోజనంతో మొదలై పడక దాకా వెళ్ళిన సంఘం అది.

ప్రభుత్వం వైపు నుంచి, ఉద్యోగినుల వసతిగృహాల కేంద్ర పథకం 1972-73లో మొదలైంది. 2022లో దానికి సఖీ నివాస్ అని పేరు మార్చారు. నియమాలు తెలుసుకోదగ్గవి. ఒంటరి గదికి జీతంలో నూటికి 15, ఇద్దరుండే గదికి 10, ఎక్కువమంది ఉండేదానికి ఏడున్నర మించి అద్దె తీసుకోకూడదు. కొన్ని పడకలు శిక్షణలో ఉన్న అమ్మాయిలకూ ఇవ్వవచ్చు. తల్లితోపాటు చిన్నపిల్లలుండవచ్చు. ఉండే కాలానికి మాత్రం హద్దు ఉంది, మామూలుగా మూడేళ్ళు. మన పిల్ల నర్సు శిక్షణకో, బ్యాంకు ఉద్యోగానికో ముంబయి వెళ్తుంటే ఈ శాతాలు గుర్తుంచుకొని అడగండి. గదికి పడకలెన్ని అని అడిగేముందు, పాయఖానాకు మనుషులెంతమంది అని అడగండి. పడకలు ఒక పూటలో వేసేయవచ్చు. గొట్టాలు వేయడానికి ఏళ్ళు పడుతుంది.

ఇక ఇప్పటి ముచ్చట. కామాటిపురా పాత భవనాలన్నిటినీ కలిపి పడగొట్టి కట్టే పథకానికి మహారాష్ట్ర ప్రభుత్వం 2023లో అనుమతి ఇచ్చింది. పని మ్హాడా చేతుల్లో ఉంది. గదికి బదులు 500 చదరపు అడుగుల ఇల్లు ఇస్తామని ప్రకటించారు. పదడుగుల గదికి అది గొప్పే. కానీ లెక్క మనుషులతో కాదు, హక్కుతో. ఒక గదికి ఒక అద్దెదారు, ఒక ఇల్లు. ఆ గదిలో నలభై ఏళ్ళుగా వంతులవారీగా పడుకున్న ఊరివాళ్ళ పేర్లు ఏ కాగితం మీదా ఉండవు. అద్దె రసీదు మీద ఉన్న పేరు ఎప్పుడో పోయిన పెద్దమనిషిది కావచ్చు. వారసులు వేరే ఊళ్ళో ఉండవచ్చు. ఇందాక చెప్పిన సంస్థ ఏర్పాటు అక్కరకొచ్చేది ఇక్కడే. గది వ్యక్తి పేరున కాక సంఘం పేరున ఉంటే తగవు వేరేగా ఉండేది.

మీ ఇంటి పెట్టెలో అటువంటి రసీదులు, పాత రేషన్ కార్డు, కరెంటు బిల్లు ఉంటే పారేయకండి. గది ఎవరి పేరున ఉందో, ఆయన తరవాత ఎవరి పేరుకు మార్చారో ఊరి పెద్దలను అడిగి, తేదీలతో రాసి ఉంచండి. తాత్కాలిక వసతికి తరలించే రోజు వస్తే అక్కడ ఆ కాగితాలే చూస్తారు.