ఒక్క కాలే వాచిందా?

సాయంత్రమయ్యేసరికి కాళ్లు బరువెక్కడం, చెప్పులు బిగుతవడం చాలామంది ఆడవాళ్లకు అలవాటైన బాధే. గంటలకొద్దీ నిలబడి పనిచేసినా, నెలలు నిండుతున్నా పాదాలకు కాస్త నీరు పడుతుంది. రక్తహీనత, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నా కాళ్లు వాస్తాయి. కానీ ఇలాంటప్పుడు సాధారణంగా రెండు కాళ్లూ వాస్తాయి. ఒక్క కాలో, ఒక్క చెయ్యో వాచిందంటే మాత్రం లోపం ఆ వైపే ఉందేమోనని అనుమానించాలి.

బాలింతలూ, జాగ్రత్త!

అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టడాన్ని. కాలు వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటుంది. ఒక్కోసారి నొప్పి అంతగా ఉండదు కూడా. కాన్పులో రక్తం ఎక్కువగా పోకుండా గర్భిణుల్లో రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. అందుకే గర్భిణులకు, ముఖ్యంగా కాన్పయ్యాక ఆరు వారాల దాకా ఈ ముప్పు ఎక్కువ. సిజేరియన్ అయి మంచం దిగకపోతే మరీను. పెద్ద ఆపరేషన్లు, కేన్సర్, ఈస్ట్రోజన్ ఉండే గర్భనిరోధక మాత్రలు, గంటల తరబడి కదలకుండా చేసే ప్రయాణాలు కూడా కారణాలే.

'వాతం చేసింది, పథ్యం తప్పింది' అంటూ ఇంట్లో పెద్దవాళ్లు నూనె రాసి మర్దనా చేస్తుంటారు. ఈ వాపుకు అది పనికిరాదు. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణానికే ముప్పు. ఆయాసం, గుండెల్లో నొప్పి, దగ్గితే రక్తం, స్పృహ తప్పడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. డాప్లర్ స్కాన్‌తో గడ్డ బయటపడుతుంది. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులు కూడా ఉన్నాయి.

చలిజ్వరంతో వస్తే...

ఎర్రబడి, ముట్టుకోనివ్వకుండా సలిపితే చర్మం కింద ఇన్‌ఫెక్షన్ కావచ్చు. వేళ్ల సందుల్లో పాసిన చోట, మడమల పగుళ్లలోంచి క్రిములు చేరతాయి. షుగర్ ఉన్నవాళ్లు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు.

గజ్జల్లో బిళ్ల కట్టి, చలిజ్వరం మళ్లీ మళ్లీ వస్తూ, కాలు మెల్లగా లావెక్కుతుంటే అది బోదకాలు కావచ్చు. క్యూలెక్స్ దోమ వల్ల వచ్చే జబ్బు ఇది. దీని క్రిములు రాత్రిపూట రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి పరీక్షకు రక్తం కూడా రాత్రే తీస్తారు. రోజూ కాలిని సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకుంటే జ్వరాలు తగ్గుతాయి, వాపు ముదరదు.

చెయ్యి వాస్తే...

రొమ్ము కేన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా ఆ వైపు చెయ్యి వాయొచ్చు. నెలల తర్వాతా రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. గాజులు, జాకెట్టు చెయ్యి బిగుతవడమే తొలి గుర్తు. మొదట్లోనే చూపించుకుంటే వ్యాయామాలు, బిగుతు తొడుగులతో అదుపులో ఉంటుంది.

టేపుతో కొలవండి!

కుట్టుమిషన్ టేపుతో మోకాలి చిప్ప దిగువనున్న ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్ల కింద రెండు పిక్కల చుట్టుకొలతా చూడండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు దాన్ని ముఖ్యమైన గుర్తుగా తీసుకుంటారు. అంత తేడా లేదని ధీమా పడొద్దు. వాపు హఠాత్తుగా వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఎప్పుడు మొదలైందీ, కాన్పయి ఎన్ని రోజులైందీ, ఏ మాత్రలు వాడుతున్నదీ దాచకుండా చెప్పండి. పసిబిడ్డను వదిలి ఎలా వెళ్లడమని వాయిదా వేయొద్దు. ఆ బిడ్డ కోసమే వెళ్లాలి.